బొమ్మ బాగుంటే లెక్క సరైనట్టేనా?

మా ఎదురింటి అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న ఒక సెలవురోజున ఆమె మా ఇంటికి వచ్చేసరికి నేను కంప్యూటరు ముందు కూర్చుని ఒక పాత ఆట ఆడుతున్నాను. తెర మీద నీలంగా నీళ్ళు, నీళ్ళ మధ్య ఆకుపచ్చని దీవులు, ఒక దీవి మీద కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి. అంతే బొమ్మ. చెట్టు లేదు, పుట్ట లేదు, పిట్ట లేదు.

"ఇదేం ఆట, తాతగారూ!" అని పకపకా నవ్వింది. "మా అన్నయ్య ఫోనులో గోల్ఫు ఆట ఉంది. అందులో గడ్డిపరకలు కూడా గాలికి ఊగుతాయి. అది అచ్చం నిజం. ఇది ఉత్త బొమ్మ."

"అది నిజమని నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"చూస్తే తెలియటం లేదూ!"

పిల్లలూ, ఈ వ్యాసం ఆ ఒక్కమాట గురించే. చూస్తే తెలుస్తుందని ఆమె నమ్మింది. ఆమే కాదు, మనలో చాలామంది నమ్ముతాం. నేను మాత్రం చూస్తే తెలియదంటాను. చూడ్డానికి బాగున్న కొద్దీ తెలుసుకోవటం మరింత కష్టమవుతుందని కూడా అంటాను. నేనన్నది సరో కాదో చివరిదాకా చదివి మీరే తేల్చండి.

గోలీలాటకు పెద్దన్న

గోల్ఫు మన ఊళ్ళలో ఆడే ఆట కాదు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. మీరు గోలీలాటలో గోలీని గుంటలోకి కొడతారు కదా! గోల్ఫు కూడా అలాంటిదే. కాకపోతే గోలీకి బదులు చిన్న గట్టి బంతి, వేలికి బదులు కర్ర. గుంట మాత్రం వందల మీటర్ల దూరంలో ఉంటుంది. బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములకు మించకూడదు. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. మామూలుగా ఒక మైదానంలో ఇలాంటి గుంటలు 18 ఉంటాయి. ఎవరు తక్కువ దెబ్బలతో అన్ని గుంటలూ పూర్తిచేస్తే వారు గెలిచినట్టు.

నేను ఆడుతున్న ఆట పేరు లీడర్ బోర్డ్. అమెరికాలోని యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీ అనే పట్టణం ఉంది. అక్కడి యాక్సెస్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 1986లో దీన్ని విడుదల చేసింది. తయారుచేసినవారు బ్రూస్ కార్వర్, రోజర్ కార్వర్. కమొడోర్ 64 అనే యంత్రం కోసం దాన్ని రాశారు. 1982లో మార్కెట్లోకి వచ్చిన ఆ యంత్రం ఆఫీసుల కోసం కాక, ఇళ్ళలో వాడుకోవటానికి తయారైన కంప్యూటరు. ఇలాంటి యంత్రాల వల్లనే పిల్లల చేతికి కంప్యూటరు అందింది.

అరవై నాలుగు కిలోబైట్ల గది

కమొడోర్ 64 పేరులోని 64 ఏమిటో తెలుసా? దాని జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు, అంటే 65,536 బైట్లు. ఇవాళ్టి కంప్యూటర్లలో తెలుగు అక్షరాలను దాచే సాధారణ పద్ధతిలో ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు పడతాయి. వత్తులు, గుణింతాలు కూడా విడివిడి సంకేతాలే. ఆ లెక్కన మీరు చదువుతున్న ఈ వ్యాసమొక్కటే ఆ యంత్రపు జ్ఞాపకంలో చాలా భాగం నింపేస్తుంది! ఇంట్లో 6 గిగాబైట్ల జ్ఞాపకం ఉన్న ఫోను ఉంటే, దానిది కమొడోర్ కంటే ఇంచుమించు లక్ష రెట్లు పెద్ద గది అన్నమాట.

వేగం సంగతి కూడా చూడండి. దాని గడియారం సెకండుకు సుమారు 10 లక్షల సార్లు కొట్టుకునేది. వినటానికి ఇది గొప్పగానే ఉంది. కాని అందులోని ప్రాసెసరుకు కూడికలు, తీసివేతలు మాత్రమే వచ్చు. గుణకారం రాదు! రెండు సంఖ్యలను గుణించాలంటే దాన్ని కూడికల వరుసగా మార్చి, ఎలా చెయ్యాలో ప్రోగ్రాము రాసేవారే చెప్పాలి. ఎక్కాలు రాని గుమాస్తా చేత పద్దులు రాయించటం లాంటిదది.

అంత చిన్న గదిలో, అలాంటి గుమాస్తాతో గోల్ఫు మైదానం మొత్తాన్ని ఎలా ఇమిడ్చారు? సమాధానం చాలా తేలిక. ఇమడ్చలేదు. చాలావాటిని బయటే వదిలేశారు.

అందుకే అక్కడ చెట్లు లేవు, ఇసుక గుంటలు లేవు. దీవులూ నీళ్ళే ఉన్నాయి. బంతిని ఒకసారి కొట్టాక అది పడిన చోటినుంచి ముందు ఏం కనిపిస్తుందో యంత్రం మళ్ళీ మొదటినుంచీ గీస్తుంది. గీస్తూ ఉంటే మనం చూస్తూ ఉండవచ్చు. ముందు దీవి అంచులు, తరువాత వాటికి రంగు. ముగ్గు వేసేటప్పుడు పక్కన నిలబడి చూసినట్టే ఉంటుంది.

ఏం ఉంచారు మరి? ఏ కర్ర ఎన్నుకున్నారు, ఎంత బలంతో కొట్టారు, బంతి నేరుగా పోయిందా, పక్కకు తిరిగిందా, గాలి ఎటు వీస్తోంది, గుంట దగ్గర నేల ఎటు వాలి ఉంది అనే అయిదారు సంగతులు ఉంచారు. కొట్టటానికి బటను ఒకటే. ఒక క్షణంలో అది బలాన్ని నిర్ణయిస్తుంది, మరో క్షణంలో దిశను నిర్ణయిస్తుంది. వేలు రెప్పపాటు ఆలస్యమైతే బంతి నీళ్ళలోకే!

బాగా గమనించండి. ఆ ఆటలో మూడు స్థాయిలున్నాయి. కొత్తవారి స్థాయిలో బంతి పక్కకు తిరగదు, గాలి దాన్ని కదిలించదు. ఔత్సాహికుల స్థాయిలో పొరపాటున కొడితే బంతి పక్కకు తిరుగుతుంది, గాలి మాత్రం ఉండదు. వృత్తి ఆటగాళ్ళ స్థాయిలో రెండూ ఉంటాయి. అంటే గాలిని వదిలేశామనీ, ఇప్పుడు కలిపామనీ ఆటే మనతో చెబుతోంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

బంతి నిజంగా ఎగరదు

తెర మీద బంతి ఎగిరినట్టు కనిపిస్తుంది. నిజానికి అక్కడ బంతి లేదు, ఎగరటమూ లేదు. ఉన్నది పద్దు. ఆ పద్దు ఎలాంటిదో మీ నోటుపుస్తకంలోనే రాసి చూడవచ్చు. కంప్యూటరు అక్కర్లేదు.

బంతి బయలుదేరేటప్పుడు దాని వేగాన్ని రెండుగా విడదీద్దాం. ముందుకు సెకండుకు 30 మీటర్లు, పైకి సెకండుకు 20 మీటర్లు అనుకోండి. భూమ్యాకర్షణ వల్ల పైకిపోయే వేగం ప్రతి సెకండుకూ 9.8 మీటర్ల చొప్పున తగ్గుతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి 10 అనుకుందాం. గాలిని పూర్తిగా వదిలేద్దాం.

ఇప్పుడు సెకండుకు ఒక అంగ చొప్పున నడుద్దాం. ప్రతి అంగ మొదట్లో ఎంత వేగముందో ఆ అంగ అంతటా అదే వేగమని అనుకుందాం. మొదటి సెకండులో బంతి 20 మీటర్లు పైకి పోతుంది. ఎత్తు 20. వేగం 10కి తగ్గింది కాబట్టి రెండో సెకండులో మరో 10 మీటర్లు. ఎత్తు 30. మూడో సెకండులో వేగం సున్న. ఎత్తు 30 దగ్గరే ఉంది. నాలుగో సెకండులో 10 మీటర్లు కిందికి. ఎత్తు 20. అయిదో సెకండులో 20 మీటర్లు కిందికి. బంతి నేలకు తగిలింది. అయిదు సెకండ్లలో ముందుకు పోయిన దూరం 150 మీటర్లు.

లెక్కలో ఎక్కడా తప్పు లేదు కదా? కూడికలన్నీ సరిగ్గానే చేశాం. అయినా జవాబు తప్పు! మీ పాఠ్యపుస్తకంలోని సూత్రం ప్రకారం ఆ బంతి సరిగ్గా 4 సెకండ్లు గాలిలో ఉండాలి, 120 మీటర్ల దూరంలో పడాలి. మన బంతి 30 మీటర్లు ఎక్కువ పోయింది. గోల్ఫులో 30 మీటర్ల తేడా అంటే గుంట పక్కన పడాల్సిన బంతి చెరువులో పడినట్టు.

తప్పు ఎక్కడుంది? సెకండు పొడుగునా వేగం మారదని అనుకున్నాం చూడండి, అక్కడుంది. నిజానికి వేగం క్షణక్షణమూ తగ్గుతూనే ఉంటుంది. కాబట్టి అంగ చిన్నది చేద్దాం. అర సెకండుకు ఒక అంగ వేస్తే బంతి 135 మీటర్ల దగ్గర పడుతుంది. సెకండులో పదో వంతు అంగ వేస్తే 123 మీటర్లు. అంగ చిన్నదయ్యేకొద్దీ జవాబు 120కి దగ్గరవుతుంది. కాని 5 వరుసల్లో అయిపోయిన పద్దు 41 వరుసలవుతుంది. ఎక్కాలు రాని గుమాస్తాకు అది ఎంత పనో ఊహించండి!

ఇప్పుడు నా ప్రశ్న. 150 మీటర్ల దగ్గర పడిన ఆ తప్పు బంతికి ఇవాళ్టి కంప్యూటరుతో చక్కని బొమ్మ వేయించామనుకోండి. మెరిసే తెల్లని బంతి, కింద నీడ, పడినచోట చెదిరిన గడ్డి, పక్కన చప్పట్లు కొట్టే జనం. అది తప్పని చూసి ఎవరైనా చెప్పగలరా? చెప్పలేరు. బొమ్మ గీసే లెక్క వేరు, బంతి ఎక్కడ పడాలో తేల్చే లెక్క వేరు. మొదటిది బాగున్నంత మాత్రాన రెండోది సరైనదని ఏమీ లేదు.

గాలి చేసే తమాషా

ఇందాక గాలిని వదిలేశాం. గాలి బంతికి అడ్డుపడుతుంది కాబట్టి గాలి ఉంటే బంతి తక్కువ దూరం పోతుందని మీరు అనుకుంటున్నారు కదూ? నేనూ చిన్నప్పుడు అలాగే అనుకున్నాను.

మంచి ఆటగాడు కొట్టిన బంతి సెకండుకు సుమారు 75 మీటర్ల వేగంతో, నేలకు 11 డిగ్రీల కోణంలో బయలుదేరుతుందనుకుందాం. గాలి లేకపోతే అది 215 మీటర్ల దగ్గర పడాలి. నిజంగా అలాంటి దెబ్బకు బంతి సుమారు 250 మీటర్లు ఎగురుతుంది! అడ్డుపడే గాలే బంతిని ఇంకా ముందుకు పంపింది.

ఎలాగంటే, కర్ర తగిలినప్పుడు బంతి వెనక్కి గిర్రున తిరుగుతూ బయలుదేరుతుంది. తిరిగే బంతి తన చుట్టూ ఉన్న గాలిని కిందికి మళ్ళిస్తుంది. దాంతో గాలి బంతిని పైకి ఎత్తుతుంది. తిరిగే వస్తువు మీద గాలి చూపే ఈ ప్రభావాన్ని జర్మనీ శాస్త్రజ్ఞుడు హైన్రిఖ్ మాగ్నస్ 1852లో వివరించాడు. 1890ల్లో ఎడిన్‌బరోలో పీటర్ గత్రీ టెయిట్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు గోల్ఫు బంతి మీద లెక్కలు వేసి, బంతి అంతసేపు గాలిలో నిలవటానికి వెనక్కి తిరగటమే ముఖ్యమని చూపాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టెయిట్ పేరుపొందిన గోల్ఫు ఆటగాడు!

బంతి మీద మూడు నాలుగు వందల చిన్న చిన్న గుంటలు ఎందుకుంటాయో తెలుసా? అందానికి కాదు. ఆ గుంటల వల్ల గాలి బంతిని అంటిపెట్టుకుని ఇంకాస్త వెనకదాకా పోతుంది. బంతి వెనక ఏర్పడే సుడి చిన్నదవుతుంది, అడ్డు తగ్గుతుంది. నున్నని బంతిని అదే బలంతో కొడితే ఇంచుమించు సగం దూరమే పోతుంది.

చూశారా! వదిలేసిన సంగతి చిన్నదో పెద్దదో ముందే చెప్పలేం. గాలే కదా అని వదిలేస్తే దూరం 35 మీటర్లు తేడా వచ్చింది. తేడా ఎటు వస్తుందో కూడా మనం సరిగ్గా ఊహించలేకపోయాం.

చంద్రుడి మీద గోల్ఫు

గాలి లేనిచోట నిజంగా గోల్ఫు ఆడిన మనిషి ఒకరున్నారు. 1971 ఫిబ్రవరి 6న అపోలో 14 వ్యోమగామి ఆలన్ షెపర్డ్ చంద్రుడి మీద రెండు బంతులు కొట్టాడు. మట్టి నమూనాలు తీసే పరికరపు కాడకు గోల్ఫు కర్ర తల తగిలించుకుని కొట్టాడు.

ఎంత దూరం పోయి ఉంటాయి? నోటుపుస్తకం తీయండి. చంద్రుడి ఆకర్షణ మనదానిలో ఆరో వంతు. గాలి లేదు. సెకండుకు 75 మీటర్ల వేగంతో 45 డిగ్రీల కోణంలో కొడితే మూడు కిలోమీటర్లకు పైగా పోవాలి. బంతి మైళ్ళకొద్దీ పోయిందని షెపర్డ్ కూడా సరదాగా అన్నాడు.

యాభై ఏళ్ళ తరువాత 2021లో ఆనాటి ఛాయాచిత్రాలను శుభ్రపరచి కొలిచి చూశారు. మొదటి బంతి సుమారు 22 మీటర్లు, రెండోది సుమారు 37 మీటర్లు పోయినట్టు తేలింది. మూడు కిలోమీటర్లెక్కడ, ముప్ఫయి ఏడు మీటర్లెక్కడ!

సూత్రం తప్పా? కాదు. ఆకర్షణ సరిగ్గానే వేశాం, గాలి లేకపోవటమూ నిజమే. మనం వదిలేసింది మనిషిని! షెపర్డ్ గాలి నింపిన బిర్రు దుస్తుల్లో ఉన్నాడు. రెండు చేతులతో కర్ర పట్టుకోవటం కూడా కుదరక ఒంటిచేత్తో కొట్టాడు. మన లెక్కలో బంతి ఉంది, చంద్రుడు ఉన్నాడు, కొట్టే మనిషి లేడు.

నీళ్ళ సంగతి

లీడర్ బోర్డ్ ఆట నిండా నీళ్ళే అన్నాను కదా. ఆ ఆట పుట్టిన యూటా రాష్ట్రం అమెరికాలో వర్షం చాలా తక్కువ పడే రాష్ట్రాల్లో ఒకటి. ఆటలోని నీళ్ళు బంతిని మింగటానికే ఉన్నాయి. నిజమైన గోల్ఫు మైదానంలో నీళ్ళు ఎవరో తెచ్చి గడ్డికి పొయ్యాలి. 18 గుంటల మైదానానికి మామూలుగా నూరు ఎకరాలకు పైగా నేల కావాలి. ఆ నేల అంతకుముందు ఎవరిది, ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, గడ్డిని ఎవరు కోస్తారు అనేవి ఆటలో లేవు. ఉండాలని నేను అనటం లేదు. ఆట ఆడినవాడికి గోల్ఫంటే ఏమిటో అంతా తెలిసిపోయిందని అనుకోవద్దని మాత్రమే అంటున్నాను.

"ఆటను ఆటలా ఆడుకోనివ్వరా?"

ఇక్కడ మీరు నన్ను నిలదీయవచ్చు. "మేం సరదాకి ఆడుకుంటాం. ఇన్ని లెక్కలెందుకు? పాత ఆటలే గొప్పవనీ, కొత్తవి పనికిరావనీ పెద్దవాళ్ళంతా అనే మాటే మీరూ అంటున్నారు!"

కాదు. కొత్త ఆటల్లో చాలావాటి లెక్క పాత ఆటల కంటే ఎంతో మెరుగు. అంగలు చిన్నవి, గాలి ఉంది, బంతి తిరగటమూ ఉంది. లీడర్ బోర్డ్ చేసినవారే మరుసటి సంవత్సరం, 1987లో, వరల్డ్ క్లాస్ లీడర్ బోర్డ్ అనే ఆటలో చెట్లను, ఇసుక గుంటలను చేర్చారు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ అనే నిజమైన మైదానాన్ని కూడా అదే 64 కిలోబైట్ల యంత్రంలోకి తెచ్చారు. 1990లో మరింత శక్తిగల కంప్యూటర్ల కోసం లింక్స్ అనే ఆట చేశారు. వదిలేసినవాటిని ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోవటమే వారి పని. శాస్త్రం ముందుకు నడిచేదీ అలాగే.

పెద్దవాళ్ళలో రెండు పక్షాలున్నాయి. కంప్యూటరు ఆటలు పిల్లలను చెడగొడతాయని ఒక పక్షం, ఆటల వల్ల పిల్లలు తెలివైనవారవుతారని రెండో పక్షం. నేను ఏ పక్షమూ కాదు. ఆడటం వల్ల వేలికి వేగం వస్తుంది. తెలివి మాత్రం ఒక్క ప్రశ్న వేసుకున్నప్పుడే వస్తుంది. అది ఏమిటంటే, "దీంట్లో ఏం వదిలేశారు?"

పాత ఆటలో ఆ ప్రశ్న దానంతటదే పుట్టేది. చెట్లెక్కడ, ఇసుకెక్కడ అని చూడగానే అడగాలనిపిస్తుంది. దాని పేదరికమే దాని నిజాయితీ. గాలి లేదని అదే చెప్పేది, కావాలంటే కలుపుకోమనేది. కొత్త ఆటలో గడ్డిపరక ఊగుతూ ఉంటే, బంతి మీద కూడా ఆ గాలి పనిచేస్తోందా, లేక గడ్డిని ఊరికే ఊపుతున్నారా అని అడగటానికి మనకు తోచదు. నా భయమంతా అదే.

అంతకుముందు ఇంకో మంచి అలవాటు ఉండేది. 1978లో డేవిడ్ ఆల్ అనే అమెరికా రచయిత బేసిక్ భాషలో కంప్యూటరు ఆటల పుస్తకం వేశాడు. అందులో గోల్ఫు ఆట కూడా ఉంది. దానికి బొమ్మలే లేవు, అన్నీ మాటలూ అంకెలే. ఏ కర్ర, ఎంత శాతం బలం అని అది అడిగేది, మీరు అంకెలు కొట్టేవారు. విశేషం ఏమిటంటే, ఆ ఆటను కొనుక్కుని పెట్టెలో పెట్టుకోవటం కాదు. పుస్తకంలో అచ్చయిన ప్రోగ్రామును చూసి పిల్లలు వరుస తరువాత వరుస తామే కంప్యూటరులోకి ఎక్కించుకునేవారు. దాంతో ఏ వరుస ఏం చేస్తోందో కంటపడేది. నచ్చకపోతే ఒక అంకె మార్చి ఆడి చూడవచ్చు. ఆటకు యజమాని ఆడేవాడే!

ఇవాళ ఫోనులోని ఆటలు చాలావరకు మూత వేసిన పెట్టెలు. లోపల ఏ లెక్క ఉందో మనకు చూపరు. అందుకే మన బడుల్లో కంప్యూటరు గంటలో పిల్లలచేత చిన్న చిన్న అనుకరణలు చేయించాలని నా అభిప్రాయం. బంతి పద్దు రాయటానికి పది వరుసల ప్రోగ్రాము చాలు. కంప్యూటరు లేని బడిలో నల్లబల్ల చాలు. ఒక్కసారి తన చేత్తో తప్పు జవాబు రాబట్టి, అది ఎందుకు తప్పయిందో తెలుసుకున్న పిల్లవాణ్ణి ఏ మెరిసే బొమ్మా తేలిగ్గా మోసగించలేదు.

ఆట కాని చోట

ఆటలో తప్పు జరిగితే బంతి నీళ్ళలో పడుతుంది, అంతే. కాని ఇలాంటి పద్దే మనుషుల ప్రాణాలకు సంబంధించిన చోట కూడా నడుస్తోంది. తుపాను ఎటు పోతుందో చెప్పే కంప్యూటర్లు చేసేదీ ఇదే పని. ఈ క్షణంలో గాలి, తేమ, వేడి ఎంతెంత అని తీసుకుని, చిన్న చిన్న అంగలతో రేపటికీ ఎల్లుండికీ నడుస్తాయి. అక్కడా అంగ ఎంత, వదిలేసినదేమిటి అనే ప్రశ్నలు తప్పవు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మన వాతావరణ శాఖ తుపాను దారిని పటం మీద చూపేటప్పుడు ఒక్క గీత గీసి ఊరుకోదు. ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే చేట ఆకారం ఒకటి గీస్తుంది. రేపు ఇక్కడ ఉండవచ్చు, ఎల్లుండికి మాత్రం ఈ మేరలో ఎక్కడైనా ఉండవచ్చు అని దాని అర్థం. తన లెక్కకు ఎంతవరకు బలముందో లెక్కే చెబుతోందన్నమాట. పాత ఆట గాలి లేదని ఒప్పుకున్నట్టే ఇది కూడా. గీత మా ఊరిని తాకలేదు కదా అని చేటను చూడకుండా నిశ్చింతగా పడుకునేవారికి ప్రమాదం. చేటను చదవటం తెలిసినవారు ముందే సామాను సర్దుకుంటారు. "ఏం వదిలేశారు?" అనే ప్రశ్న చిన్నప్పుడే అలవాటు కావాలని నేను అంత పట్టుబట్టేది అందుకే.

ఎదురింటి అమ్మాయికి ఆ రోజు ఈ పద్దు సంగతే చెప్పాను. నమ్మీ నమ్మనట్టు చూసి వెళ్ళిపోయింది. రెండు రోజుల తరువాత నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. పావు సెకండు అంగతో 17 వరుసలు వేసి, బంతి 127 మీటర్ల 50 సెంటీమీటర్ల దగ్గర పడిందని చూపించింది. నేను సరిచూశాను. ఒక్క కూడిక కూడా తప్పలేదు.

"అయితే తాతగారూ," అంది, "మా అన్నయ్య ఫోనులో ఆట ఎంత అంగతో నడుస్తుందో ఎక్కడ రాసి ఉంటుంది?"

ఎక్కడా రాసి ఉండదని చెప్పాను. ఆమె మొహం చూస్తే, ఆ జవాబు ఆమెకు ఏమాత్రం నచ్చలేదని తెలిసింది. నాకు మాత్రం ఆమె ప్రశ్న ఎంతో నచ్చింది.